నారులో తెల్లచారలు: లోపం నేలదా, విత్తనానిదా?



ఆకుమడిలో అక్కడక్కడ నాలుగు మొలకలు తెల్లచారలతో పాలిపోయి కనబడగానే, ఎరువు చాలలేదనుకొని యూరియా చల్లడం మనలో చాలమందికి అలవాటు. ఆ ఖర్చు అన్నివేళలా ఫలించదు. ఎందుకో వినండి.

మొక్క పెరగాలంటే కణాలు చీలి రెండు కావాలి. చీలేముందు ప్రతి కణమూ తన డి.ఎన్.ఎ.కు నకలు తయారు చేసుకోవాలి. గోడకు ఇటుకలెట్లాగో, డి.ఎన్.ఎ.కు నాలుగు రకాల తునకలు అట్లా. ఇవి ఎరువుతో వచ్చేవి కావు, మొక్కే చేసుకోవాలి. ఆర్.ఎన్.ఎ. తునకలనుండి ఒక ఆక్సిజను పరమాణువును తీసివేసి, డి.ఎన్.ఎ.కు పనికివచ్చేలా మార్చే ఎంజైము ఒకటున్నది. దాని పేరు రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్. పేరు పెద్దదే గాని, చేసేది ఇటుకబట్టీ పని. అందులో పెద్దభాగము, చిన్నభాగము అని రెండున్నవి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

వరిలో ఈ రెండు భాగాల జన్యువులూ చెడిన మొక్కలను పరిశోధించి, శాస్త్రజ్ఞులు 2009లో ఒక సంగతి తెలిపారు. ఇటుకలు చాలనప్పుడు లేత ఆకు ముందుగా కేంద్రకానికే పంచుతుంది. హరితరేణువుల వాటా తగ్గిపోతుంది. అందుచేత ఆకు సాగుతుంది గాని పచ్చదనం రాదు. రాత్రింబగళ్లు ఒకే వేడిలో ఉంచితే తెల్లబడిన ఆ మొక్కలే, పగలు 30, రాత్రి 20 డిగ్రీలుగా మార్చితే దాదాపు పచ్చగా పెరిగాయి. చూశారా! తెల్లమొలక నాలుగురోజులకు పచ్చబడినంతమాత్రాన అది యూరియా మహిమ అనుకోరాదు.

తెల్లమొలకలన్నింటికీ ఈ ఎంజైమే కారణమని కాదు. కావున మందుకు పోయేముందు మడి గట్టున నిలిచి చూడండి. మడంతా, లేదా ఒక మూలంతా పాలిపోతే లోపం నేలలోనో, నీటిలోనో, చలిలోనో ఉండవచ్చు. ఆకు మొదట్లో నడిమి ఈనె పాలిపోయి, తుప్పురంగు మచ్చలు వస్తే జింకులోపం; లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లండి.

అట్లాగాక, చుట్టూ నారు పచ్చగా ఉండి ఒక్కొక్క మొలకే చారలు తేలితే, అది చాలవరకు పుట్టుకతో వచ్చిన లోపం. ఏ ఎరువూ దానిని బాగుచేయదు. నారు పీకేటప్పుడు ఏరి పారవేయండి. అటువంటి మొక్క గింజను విత్తనానికి ఉంచకండి. విస్తరణ కార్యకర్తలు ఈ తేడాను మడిలోనే చూపితే, రైతుకు ఎరువు ఖర్చు మిగులుతుంది, విత్తనమూ శుభ్రపడుతుంది.