నల్లమల లోపల అప్పాపూర్.. ఎవరు పడితే వాళ్లు ఎందుకు వెళ్లలేరు? చెంచుల ముందున్న ప్రశ్న ఏంటి?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే వాళ్లందరూ మన్ననూర్ చెక్‌పోస్టు దాటే ఉంటారు. కానీ ఆ రోడ్డు దిగి అడవి లోపలికి పోతే అక్కడ ఊళ్లున్నాయని చాలామందికి తెలీదు. అలాంటి వాటిలో ఒకటి అప్పాపూర్. నాగర్‌కర్నూల్ జిల్లా (పాత మహబూబ్‌నగర్) లింగాల మండలంలో ఉంటుంది. 2022లో అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ రావడంతో ఈ పేరు వార్తల్లోకెక్కింది.

పెంట అంటే ఏంటి?

చెంచులుండే చిన్న గూడెాన్నే పెంట అంటారు. అప్పాపూర్ చుట్టుపక్కల రాంపూర్, బౌరాపూర్ లాంటి పెంటలు ఇంకా చాలా ఉన్నాయి. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో చెంచుల జనాభా దాదాపు 17 వేలే.

ఎలా వెళ్లాలి?

మన్ననూర్ దాటాక ఫర్హాబాద్ దగ్గర హైవే దిగాలి. అక్కడి నుంచి అంతా మట్టిదారే. వానాకాలంలో బండ్లు కదలడం కష్టం. ఇది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్ ఏరియా కాబట్టి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. హైవే మీద కూడా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర రోజుల్లో మాత్రం ఫర్హాబాద్ దారిలో భక్తులను పంపిస్తారు. ఆ లింగమయ్యకు పూజారులు కూడా చెంచులే.

ఎలా బతుకుతారు?

తేనె, జిగురు, కుంకుడుకాయలు, గడ్డలు. అడవి ఇచ్చేదే ఆధారం. తేనె కోసం కొండ అంచు నుంచి తాడు కట్టుకుని కిందికి దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది ఎక్కువగా బావమరిదే. ఎందుకంటే తాడు వదిలితే ముందు నష్టపోయేది తన సొంత అక్కాచెల్లెళ్లే కదా! కొందరు చెంచులు అటవీశాఖలో పులుల జాడ చూసే పని కూడా చేస్తున్నారు.

మరి తరలింపు గొడవేంటి?

పులులకు మనుషుల అలికిడి లేని అడవి కావాలన్నది అటవీశాఖ వాదన. కోర్ ఏరియా నుంచి స్వచ్ఛందంగా బయటికి వచ్చే కుటుంబానికి రూ.15 లక్షలు, లేదంటే ఇల్లు, భూమితో పునరావాసం ఇస్తారు. కుడిచింతలబైలు, సార్లపల్లి లాంటి ఊళ్ల పేర్లు ఇప్పటికే చర్చలోకి వచ్చాయి. అయితే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా ఎవర్నీ కదిలించకూడదు.

లోపలే ఉంటే రోడ్డు, ఆస్పత్రి, బడి అందడం కష్టం. బయటికొస్తే అవి దగ్గరవుతాయి. కానీ తేనె, జిగురు తప్ప వేరే పని తెలియని వాళ్లకు ఆ రూ.15 లక్షలు ఎన్నాళ్లు వస్తాయి? పెద్దవాళ్ల భయం ఇదే. పిల్లల చదువు గురించి ఆలోచించే వాళ్ల లెక్క వేరు. అందుకే ఒకే పెంటలో రెండు మాటలు వినిపిస్తాయి.

వెళ్తే ఇవి మరవొద్దు

అనుమతి లేకుండా లోపలికి పోవద్దు. ప్లాస్టిక్ పడేయొద్దు. అడగకుండా గుడిసెల్లోకి తొంగిచూసి వీడియోలు తీయొద్దు. మనకది ట్రిప్పే కావొచ్చు, వాళ్లకది ఇల్లు.