సిటీ బస్సులో మాండొలిన్ ఎందుకు వినపడదు?

సిటీ బస్సులో వినడానికి పనికొచ్చే పాటలు, పనికిరాని పాటలు అని రెండు రకాలున్నాయి. ఇది టేస్టుకి సంబంధించిన గొడవ కాదు, ఫిజిక్స్. ఈమధ్య వస్తున్న మాస్ బీట్ ఏదైనా పెట్టుకోండి, కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ఎంత ట్రాఫిక్ ఉన్నా శుభ్రంగా వినపడుతుంది. అదే మాండొలిన్ శ్రీనివాస్ కచేరీ పెట్టారనుకోండి, మూసాపేట వచ్చేసరికి అక్కడక్కడా టింగు టింగుమనే చుక్కలు తప్ప ఏమీ మిగలదు. చెయ్యి దానంతటదే వాల్యూమ్ బటన్ మీదకి పోతుంది. అసలు కథంతా ఆ బటన్ దగ్గరే ఉంది గానీ, ముందు మాండొలిన్ సంగతి చూద్దాం.

తీగని మీటితే శబ్దం ఒక్కసారిగా పైకి లేచి, తర్వాత మెల్లగా చచ్చిపోతుంది. మామూలు మాండొలిన్‌లో అది మరీ తొందరగా చచ్చిపోతుంది. గమకం పలకాలంటే స్వరం కాసేపు నిలబడాలి కదా. అందుకే పాలకొల్లు నుంచి వచ్చిన ఆ కుర్రాడు ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జంట తీగలు మానేసి ఐదు ఒంటి తీగలతో వాయించాడు. ఆయన సంగీతంలో అందమంతా మీటు పడిన క్షణంలో లేదు, ఆ తర్వాత జారే తోకలో ఉంది. బస్సు రొద సరిగ్గా ఆ తోకనే మింగేస్తుంది. మీటు రొద కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి వినపడుతుంది, తోక కిందకి దిగిపోతుంది కాబట్టి మునిగిపోతుంది. వేణువు మీద మెల్లగా మొదలయ్యే ఆలాపనలకీ ఇదే గతి.

మాస్ బీట్ ఎలా బతికి బట్టకట్టింది మరి? ఇప్పటి సినిమా పాటల్ని మాస్టరింగ్‌లో గట్టిగా కంప్రెస్ చేస్తారు. అంటే మెల్లగా ఉన్న చోట్లని పైకి లాగి, గట్టిగా ఉన్న చోట్లని కిందకి నొక్కి, పాట మొత్తాన్ని దాదాపు ఒకే ఎత్తుకి తెస్తారు. తోక అంటూ ఏమీ మిగలదు, అంతా తలే. ఇలా చేసిన పాటని హాస్టల్ రూమ్‌లో ప్రశాంతంగా వింటే పావుగంటకే చిరాకేస్తుంది గానీ, బస్సులో మాత్రం మహారాజులా ఉంటుంది.

ఇప్పుడు రొద ఎక్కడ్నించి వస్తుందో చూద్దాం. మెకానికల్ వాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేలోపు మూడు సిలిండర్లు పేలతాయి. 2000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 33 చుట్లు చిల్లర, అంటే సెకనుకి 100 పేలుళ్ళు. అదే 100 హెర్ట్జ్ గుయ్‌మనే హోరు. బండి ఆగి ఐడిలింగ్‌లో 700 దగ్గర ఉంటే 35 హెర్ట్జ్‌కి దిగుతుంది, అప్పుడు చెవి కంటే ముందు కిటికీ అద్దాలు అందుకుంటాయి. మన మగ గాయకులు ఎక్కువమంది పాడే శ్రుతి 130, 140 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే కచేరీలో తంబురా కూర్చునే ఇంటి పక్కింట్లోనే ఈ ఇంజిన్ కాపురం పెట్టింది. మృదంగం ఎడమ వైపు నుంచి వచ్చే బరువైన మోత ఇందులో కలిసిపోయి, కుడి వైపు ‘నం’ ఒక్కటే బయటపడుతుంది.

హోరు కింది స్థాయిలో ఉన్నప్పుడు పై స్వరాలు బాగానే వినపడాలి కదా అని నాకు మొదట అనిపించేది. చెవి కట్టుబడి అలా లేదు. లోపలి చెవిలో కాక్లియా అని నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంటుంది. గుమ్మం దగ్గర ఎక్కువ ఫ్రీక్వెన్సీలు, చివర్న తక్కువ ఫ్రీక్వెన్సీలు పట్టుకునేలా ఏర్పాటు. శబ్దం దాంట్లో అలలా ప్రయాణం చేస్తుందని చూపించినందుకే బెకెషీకి 1961లో నోబెల్ వచ్చింది. ఇంజిన్ హోరు లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ అల తన సీటు చేరాలంటే గుమ్మం దగ్గర్నుంచి లోపలిదాకా అందర్నీ తోసుకుంటూ పోవాలి. కిక్కిరిసిన బస్సులో ముందు డోర్‌లో ఎక్కి చివరి సీటుకి పోయేవాడిలాగ. దారిలో ఉన్న స్వరాలన్నీ కాస్త నలుగుతాయి. అందుకే బరువైన రొద తనకంటే పైనున్న శబ్దాల్ని కూడా కప్పేయగలదు. పైనున్నది కిందున్నదాన్ని అంతగా కప్పలేదు.

ఇక వాల్యూమ్ బటన్. డెసిబెల్ లాగరిథమిక్ కొలత అని ఫస్టియర్‌లోనే చదివాం, వైవాలో చెప్పాం, మర్చిపోయాం. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు. కానీ చెవికి అలా తెలీదు. సుమారు 10 పెరిగితే గానీ ‘రెట్టింపు గట్టిగా ఉంది’ అనిపించదు. అప్పటికి శక్తి పది రెట్లయి కూర్చుంటుంది. మోసం ఇక్కడుంది. మనకి తెలిసేది చాలా తక్కువ, చెవి మీద పడేది చాలా ఎక్కువ.

అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ పెట్టిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. అక్కడ్నించి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. 88 అయితే 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 100కి పావుగంట. బస్సులో రొద 80 ఉందనుకుందాం. దాని మీద పాట మాటలు విడివిడిగా తెలియాలంటే 90 దగ్గరకి పోవాల్సిందే. పొద్దున గంట, సాయంత్రం గంట ప్రయాణం చేసే డేస్కాలర్‌కి రోజు కోటా బస్సు దిగేసరికే దాదాపు అయిపోయినట్టే. రాత్రి పబ్జీ, వెబ్ సిరీస్, ఫెస్ట్ రోజుల్లో డీజే, ఇవన్నీ అప్పు మీద అప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 12 నుంచి 35 ఏళ్ళ మధ్యవాళ్ళలో 100 కోట్లమందికి పైగా ఈ ప్రమాదంలో ఉన్నారంటోంది. మన క్లాసు మొత్తం ఆ వయసులోనే ఉంది.

వినికిడి పోవడం అంటే టీవీ సౌండ్ తగ్గించినట్టు ఉంటుందనుకుంటాం. కాదు. మా పెద్దనాన్న పాతికేళ్ళు రైస్ మిల్లులో చేశారు. పిలిస్తే పలుకుతారు. కానీ అన్నం వడ్డించేటప్పుడు పెద్దమ్మ “పాలు కావాలా” అంటే “చాలు చాలు” అంటారు, కాసేపాగి “పాలు లేవా?” అని అడుగుతారు. ఇంట్లో అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతారు. పాలు, చాలు, కాలు, తాలు అని వరసగా అనుకుని చూడండి. తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది. అచ్చుల బలం తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, చ, స, త లాంటి హల్లులు గుర్తుపట్టించే భాగం పైన రెండు మూడు వేల హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. రొద వల్ల పోయే వినికిడి మామూలుగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదట దెబ్బతింటుంది. అందుకని మాట వినపడుతుంది, ఏ మాటో తెలీదు. “గట్టిగా చెప్పు” అంటారు, గట్టిగా చెప్తే “అరవకు” అంటారు. రెండూ నిజమే.

4000 దగ్గరే ఎందుకు అంటే, ఒక కారణం చెవి గొట్టమే. సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఒక పక్క మూసిన పైపు. పొడవుని నాలుగుతో గుణించి ధ్వని వేగాన్ని దాంతో భాగిస్తే 3400 హెర్ట్జ్ వస్తుంది. అక్కడ రెజొనెన్స్. ఇంటర్‌లో ఆర్గాన్ పైపుల చాప్టర్ బట్టీ పట్టిన మనందరి చెవుల్లో ఒక్కో ఆర్గాన్ పైపు ఉందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. దెబ్బ తినేవి కాక్లియాలో ఉండే సన్నటి రోమకణాలు. ఒక్కో చెవిలో పదిహేను వేల పైచిలుకు ఉంటాయి. కోళ్ళలో, ఇతర పక్షుల్లో పోయినవి మళ్ళీ మొలుస్తాయి, మనుషుల్లో మొలవవు. ఫెస్ట్ తర్వాత రాత్రంతా చెవుల్లో గీమని మోగి పొద్దున్నకి తగ్గిపోతే ‘సెట్ అయిపోయింది మామా’ అనుకుంటాం. 2009లో కుజావా, లిబర్మన్ ఎలుకల మీద చేసిన పని ఆ ధీమాని కొంచెం కదిలించింది. వాటి వినికిడి మామూలు స్థాయికి తిరిగొచ్చాక కూడా రోమకణాల్ని నరంతో కలిపే కనెక్షన్లు చాలానే శాశ్వతంగా పోయాయి.

సరే, దీనికి గాడ్జెట్ ఉంది కదా, నాయిస్ క్యాన్సిలేషన్. శబ్దాన్ని తిరగేసి శబ్దం మీదే వదిలితే రెండూ కొట్టుకుపోతాయనే ఊహకి పాల్ ల్యూగ్ అనే జర్మన్ 1936లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. 1978లో జ్యూరిక్ నుంచి వస్తూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌లో ఇంజిన్ హోరు తప్ప సంగీతం వినపడక, అమర్ బోస్ అక్కడే కూర్చుని లెక్కలు మొదలెట్టాడు. ఆయన తండ్రి బెంగాల్ నుంచి వెళ్ళిన స్వాతంత్ర్య సమరయోధుడు. మన బస్సు సమస్యే, కాకపోతే ఆయనది పైన, మనది కింద.

ఇది అన్ని శబ్దాల మీదా ఒకేలా ఎందుకు పనిచెయ్యదో చిన్న లెక్కతో తెలుస్తుంది. మైక్ విని, చిప్ తిరగేసి, స్పీకర్ వదిలేసరికి 0.1 మిల్లీసెకను ఆలస్యం అయిందనుకోండి. 100 హెర్ట్జ్ హోరుకి ఒక్కో అల 10 మిల్లీసెకన్లు, కాబట్టి తేడా 3.6 డిగ్రీలే. మిగిలే శబ్దం పదహారో వంతు. 1000 హెర్ట్జ్‌కి తేడా 36 డిగ్రీలు, మిగిలేది అరవై శాతం పైన. 5000కి తేడా 180 డిగ్రీలు, అంటే తిరగేసింది మళ్ళీ తిరగబడి, తగ్గాల్సిన శబ్దం రెట్టింపవుతుంది. నిజం చిప్పుల్లో ఆలస్యం ఇంతకన్నా తక్కువే, కానీ కథ ఇదే. అందుకే సుమారు వెయ్యి హెర్ట్జ్ దాటాక ఆ పనిని చెవిలో దూరిన సిలికాన్ టిప్‌కి వదిలేస్తారు. ఇంజిన్ హోరు మాయమై, కండక్టర్ విజిలూ, వెనక సీటు ఆంటీ ఫోన్ సంభాషణా మాత్రం అక్షరం పొల్లుపోకుండా రావడానికి కారణం ఇదే. మెట్రోలో మలుపు దగ్గర చక్రాలు పట్టాల మీద కీచుమనేది కూడా దీనికి లొంగదు.

కొనేముందు ఒకటి చూసుకోండి. బాక్స్ మీద ఏఎన్‌సీ అని ఉంటేనే మీ చెవికి హోరు తగ్గుతుంది. ఈఎన్‌సీ అని రాసుంటే అది మైక్ కోసం, అంటే ఫోన్లో అవతలివాళ్ళకి మీ వెనక రొద వినపడకుండా చేసేది. మీ చెవికి ఒరిగేదేమీ లేదు. పేర్లు ఇంత దగ్గరగా ఉండటం అమాయకంగా జరిగిందని నేను అనుకోను.

డబ్బులు లేవంటారా, బాక్స్‌లో వచ్చి మూడు సైజుల టిప్స్‌లో మనం ఎప్పుడూ ముట్టుకోని రెండింటినీ పెట్టి చూడండి. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని లేదు. సందు ఉంటే బేస్ బయటకి కారిపోతుంది, రొద లోపలికి వస్తుంది, మళ్ళీ చెయ్యి వాల్యూమ్ మీదకే. సరిగ్గా బిగిస్తే అదే పాట నాలుగు గీతలు తక్కువలో వినపడుతుంది. నాలాంటి వాళ్ళకి ఇంకో పద్ధతి పనిచేసింది. రూమ్‌లో ఫ్యాన్ ఆపి, మాటలు స్పష్టంగా వినపడే వాల్యూమ్ పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో దానికి రెండు మూడు గీతల పైన లిమిట్ పెట్టేశాను. బస్సులో ఆ లిమిట్‌కి వినపడని పాట ఉంటే దాన్ని వదిలేసి వేరే పాటకి పోతాను, లేదా ఆపేస్తాను. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఏ సైజు టిప్ అయినా జేబులోకి పోవాల్సిందే, కాక్లియా కంటే ముందు కాళ్ళు ముఖ్యం.

చెవుల్లో గీమనే మోత ఒకటి రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గర ఆడియోగ్రామ్ తీయించుకోవచ్చు. సూదులూ మందులూ ఏమీ ఉండవు. నిశ్శబ్దంగా ఉన్న చిన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, బీప్ వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంటారు. వచ్చిన గ్రాఫ్‌లో 4000 దగ్గర గీత గుంటలా కిందకి దిగిందేమో చూడండి. పెద్దనాన్నకి మొన్న సంక్రాంతికి తీయించాం. ఆ గ్రాఫ్‌లో గుంట లేదు, 2000 తర్వాత గీత మొత్తం కిందకే పోయింది.