పుప్పాలగూడ కడుతున్నవాళ్లు ఏ లెక్కలో ఉన్నారు?

మన దేశంలో చివరి జనగణన జరిగింది 2011లో. అప్పటికి హైదరాబాద్ శివారులోని పుప్పాలగూడ ఒక గ్రామ పంచాయతీ. 2018లో మణికొండ, నెక్నాంపూర్‌తో కలిసి మణికొండ మున్సిపాలిటీ అయింది. ఈ మధ్యకాలంలో పొలాలూ గుట్టలూ పోయి టవర్లు లేచాయి. వాటిని కడుతున్న ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ కూలీలు ఆ పక్కనే రేకుల షెడ్లలో ఉంటున్నారు. ఇక్కడి జనాభాగా వాళ్లను ఏ జనగణనా ఇంతవరకు లెక్కపెట్టలేదు.

చోటు దొరికినవాళ్లు

వలస వచ్చినవాళ్లను కలుపుకోవడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1832లో పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ పంపగా నిజాం కొలువుకు వచ్చిన సిక్కు సైనికుల వారసులు అత్తాపూర్ దగ్గరి సిక్ ఛావనీలో నేటికీ ఉన్నారు. 2011 లెక్కల్లో తెలంగాణ సిక్కులు 30 వేల పైచిలుకు. నిజాం అశ్విక దళంలో పనిచేసిన ఆఫ్రికా సిద్దీలది ఏసీ గార్డ్స్, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులది బార్కాస్. నగరం వీళ్లకు కొలువుతో పాటు ఉండే చోటూ ఇచ్చింది. పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు. మర్ఫా మోత, హలీం రుచి అలా మన సొంతమయ్యాయి. టవర్లు కట్టే కూలీకి మాత్రం పని ముగిసేదాకే షెడ్డు. పని అయిపోతే మేస్త్రీ వెంట మరో సైటుకు మూట సర్దుకోవాలి.

చట్టంలో ఉన్న అంకెలు

2025 నవంబర్ 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. కాంట్రాక్టర్ తెచ్చినవాళ్లతో పాటు సొంతంగా వచ్చి పనిలో చేరినవాళ్లనూ, నెల వేతనం 18 వేలు దాటకపోతే, అంతర్రాష్ట్ర వలస కార్మికులుగానే ఇవి గుర్తిస్తాయి. అలాంటివాళ్లు 10 మంది లేదా అంతకుమించి ఉన్నచోట ఏడాదికోసారి సొంతూరికి వెళ్లి రావడానికి యజమాని ఖర్చు ఇవ్వాలి.

రెండోది సెస్సు. నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మిక సంక్షేమానికి కట్టాలి. వంద కోట్ల ప్రాజెక్టు అంటే కోటి రూపాయలు. ఆ నిధి నుంచి సాయం అందాలంటే 18–60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన కార్మికుడు పేరు నమోదు చేయించుకోవాలి. ఒక సైటులో రెండు నెలలు, ఇంకోచోట నెలా చేసే మనిషికి ఆ 90 రోజుల రుజువు కూడగట్టడమే కష్టం.

లెక్క తేలని రోజున

2020 కోవిడ్ లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే తొలి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. అందులో వెళ్లింది సుమారు 1,200 మంది. ఆ లాక్‌డౌన్‌లో వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచి నిర్ణయం. కానీ ఎవరు ఎక్కడున్నారో తెలిస్తేనే బియ్యం గడప దాకా చేరేది.

లెక్కించడం గౌరవం కూడా. మెక్సికోలో ఆఫ్రికా మూలాలున్న ప్రజలు శతాబ్దాలుగా ఉన్నా, వారిని రాజ్యాంగం గుర్తించింది 2019లో. మరుసటి ఏడు పూర్తిస్థాయి జనగణన తొలిసారి వారి గురించి అడిగితే 25 లక్షల 76 వేల మంది తేలారు. అంటే దేశ జనాభాలో 2 శాతం.

2027లో మన పని

మన తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఎన్యూమరేటర్ మీ గేటు దగ్గరికి వచ్చినప్పుడు పక్క సైటులోని షెడ్లను చూపించండి. సంక్షేమ నమోదుకు దరఖాస్తు నింపడంలో ఒక కూలీకి సాయపడండి. పనులకోసం పాలమూరు కూలీలు దేశమంతా తిరిగిన చరిత్ర మనది. పరాయి ఊళ్లో మనవాళ్లకు ఏ గుర్తింపు కోరుకున్నామో, మన ఊళ్లో కూలీకి అదే ఇవ్వడం న్యాయం.