కాలిన్స్ రేడియో ప్రాణం డయల్ వెనక మరలో

పాత హామ్ (ఔత్సాహికుల) రేడియోలంటే ముందుగా వాల్వుల ఎర్రటి వెలుగే గుర్తొస్తుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రం, సీడార్ ర్యాపిడ్స్‌లో ఆర్థర్ కాలిన్స్ 1933లో పెట్టిన కంపెనీ సెట్లకు పేరు తెచ్చింది మాత్రం డయల్ వెనక ఉండే, ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటర్. హామ్‌లు సింగిల్ సైడ్‌బ్యాండ్‌ను (మాటను మోసే రెండు సైడ్‌బ్యాండ్లలో ఒకదాన్నే పంపే పద్ధతిని) రోజూ హాయిగా వాడుకోగలిగారంటే అది దాని చలవే. మామూలు సెట్లో రేకుల కండెన్సర్ తిప్పి స్టేషన్ పట్టేవారు. డయల్ గీతలు ఒక కొసన ఎడంగా, రెండో కొసన ఇరుకుగా ఉండేవి. సెట్టు వేడెక్కితే స్టేషన్ జారిపోయేది. ఏఎంలో క్యారియర్ తరంగం మాటతోపాటే వస్తుంది కాబట్టి కొంత జారినా నడిచేది. సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో క్యారియర్‌ను పంపేచోటే తీసేస్తారు, రిసీవరే దాన్ని తయారుచేసి కలుపుకోవాలి. వంద హెర్ట్జ్ తేడా వస్తే గొంతు మారిపోతుంది, ఇంకా పెరిగితే మాటే తెలియదు. 14 మెగాహెర్ట్జ్ దగ్గర 50 హెర్ట్జ్ అంటే పది లక్షల్లో నాలుగు పాళ్లలోపే! కాలిన్స్ ఇంజినీర్లు కండెన్సర్‌ను వదిలి, ఇనుప పొడితో చేసిన కడ్డీని మర సాయంతో తీగచుట్టలోకి జరిపారు. చుట్ల మధ్య ఎడాన్ని లెక్కకట్టి మార్చడంతో, మర తిరిగినంత మేరకే ఫ్రీక్వెన్సీ మారేది. 1950ల చివరి ఎస్-లైన్‌లో ఆ ఆసిలేటర్ 2.5 నుంచి 2.7 మెగాహెర్ట్జ్ వరకే తిరుగుతుంది. దాన్ని కావలసిన బ్యాండ్‌కు చేర్చేది క్వార్ట్జ్ స్ఫటికం. పాత ట్రాన్స్‌మిటర్లలో ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేసినప్పుడల్లా జారుడూ రెట్టింపయ్యేది. ఇక్కడ రెండు ఫ్రీక్వెన్సీలను కలపడమే కాబట్టి జారుడు పెరగదు.

అంతా స్ఫటికాలతోనే చేయొచ్చు కదా అనొచ్చు. స్ఫటికం ఒకచోటే నిలుస్తుంది. హామ్‌కు బ్యాండంతా తిరగాలి. అసలు ఘనత అవసరం లేని సైడ్‌బ్యాండ్‌ను వడకట్టే కాలిన్స్ మెకానికల్ ఫిల్టర్‌దే అనేవారి మాటకు ఇంకా బలముంది. అది అద్భుతమైన పనితనం, సందేహం లేదు. కానీ ఆ సైడ్‌బ్యాండ్‌ను ఫిల్టర్ లేకుండా, ఫేజింగ్ పద్ధతిలో తీసేసిన సెట్లు 1950ల్లోనే హామ్‌ల చేతుల్లో ఉన్నాయి. ఫిల్టర్‌కు బదులు దొరికింది, నిలకడకు బదులు దొరకలేదు. కాలిన్స్ సెట్ల ధర మామూలు హామ్‌కు అందలేదన్నది నిజం. అయితే 1960ల్లో హీత్‌కిట్ ఎస్‌బీ సెట్లు ఇలాంటి నిలకడగల ట్యూనింగ్‌ను విడిభాగాల కిట్లుగా తక్కువ ధరకు ఇచ్చాయి.

పాత కాలిన్స్ ఎస్-లైన్ రిసీవర్ మీ చేతికొస్తే వాల్వులు మార్చడానికి ముందు, అందులోని 100 కిలోహెర్ట్జ్ క్యాలిబ్రేటర్ వేసి డయల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి చూడండి. గీతలు సరిపోకపోతే ఆ మరను తెలిసినవారికే అప్పగించండి.