స్వీడన్ రహస్యభాషలు: ఎవరి మాట ఎవరి సొత్తు?

భాష భావవినిమయ సాధనమని తరగతి గదిలో ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఈ నిర్వచనం తప్పు కాదు గాని, సగమే చెబుతుంది. పక్కనున్నవాడికి తెలియకుండా మాట్లాడుకోవలసిన అవసరం కూడా మనుషులకు వచ్చింది. ఆ అవసరం ఎవరికి వచ్చింది, ఎవరి ముందు వచ్చింది అని అడిగితే అది వ్యాకరణం ప్రశ్నగా ఉండదు, సమాజం ప్రశ్న అవుతుంది. ఈ ప్రశ్నకు స్వీడన్ మంచి ఉదాహరణ. అంత దూరదేశం మనకెందుకనుకునే పాఠకుణ్ణి కొంచెం ఓపిక పట్టమంటాను. ఆ భాషల్లో మన ఇంటి మాటలు తగులుతాయి.

ముందు వర్తకుల సంగతి. స్వీడన్ పడమటి భాగంలో వెస్తర్‌యోట్లాండ్ అనే ప్రాంతం ఉంది. భూమి చాలని రైతు కుటుంబాలు అక్కడ ఇళ్ళలో గుడ్డ నేసి, చెక్కసామాను చేసి, మూట వీపున కట్టుకుని దేశమంతా తిరిగి అమ్మేవి. పల్లెల్లో వ్యాపారం చేయరాదని ఆంక్షలున్న కాలంలో కూడా వీళ్ళకు తిరిగి అమ్ముకునే ప్రత్యేక హక్కు ఉండేది. 1621లో రెండవ గుస్తావ్ అడాల్ఫ్ రాజు వీళ్ళ కోసమే బూరోస్ పట్టణాన్ని ఏర్పరచాడు. ఈ మూటల వర్తకుల రహస్యభాష పేరు మోన్సింగ్. వాక్యం స్వీడిష్‌దే, ప్రత్యయాలు స్వీడిష్‌వే. ముఖ్యమైన నామవాచకాలు, క్రియలు మాత్రం వేరు. కొనేవాడి ఎదుటే ఇద్దరు వర్తకులు ధర నిర్ణయించుకోవచ్చు, వాడి మొహం మీదే వాడి గురించి మాట్లాడుకోవచ్చు.

రహస్యభాష అనగానే అది పీడితుల భాష అనీ, ధిక్కారమనీ ఉత్సాహపడే విమర్శకులు మనలో ఉన్నారు. మోన్సింగ్‌కు ఆ గౌరవం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. అది లాభం కోసం పుట్టిన చాటుమాట. దాని చాటున మోసపోయినవాడు సాధారణంగా మరో పేద రైతే. 1864లో వ్యాపార స్వేచ్ఛ పూర్తిగా వచ్చాక మూటల వర్తకుల ప్రత్యేక హక్కుకు విలువ పోయింది. వాళ్ళలో కొందరు బట్టల వ్యాపారంలో స్థిరపడ్డారు, బూరోస్ జౌళి మిల్లుల ఊరైంది. భాష మాత్రం అవసరం తీరి పోయింది.

దాలార్నా ప్రాంతంలోని మాలుంగ్ తోలుపనివాళ్ళది ఇంకో తీరు. వీళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంట్లోనే ఉండి, వాళ్ళ గొర్రెతోళ్ళతోనే వాళ్ళకు దుస్తులు కుట్టిపెట్టేవారు. పని దొరికేదీ ఆ ఇంట్లోనే, తిండీ నిద్రా అక్కడే. యజమాని కళ్ళు పగలూ రాత్రీ మీదనే ఉన్నప్పుడు సాటి పనివాడితో ఒక మాట అనుకోవడానికి వేరే గది ఉండదు. వాళ్ళకు ఆ గది వాళ్ళ భాషే. ఈ వృత్తిభాషను నేను మోన్సింగ్‌తో ఒక గాటన కట్టను.

పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్ళ భాష పేరు క్నోపర్‌మోయ్. ‘క్నోపరె’ అంటే పొగగొట్టాల పనివాడు. ‘మోయ్’ అంటే నోరు, ఆ నోటి మాట. ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ ‘మోయ్’ స్వీడిష్ పదం కాదు. రోమా ప్రజల రోమానీ భాషలో నోటిని ‘ముయ్’ అంటారు, అది సంస్కృత ‘ముఖ’ శబ్దం నుంచి వచ్చింది. ప్రకృతి ముఖము, వికృతి మొగము అని మనం పిల్లల చేత వల్లె వేయిస్తాం. ఆ పట్టికలో చేరని ఇంకొక వికృతి ఉత్తర యూరప్‌లో మసి కొట్టుకున్న కూలివాళ్ళ నోట బతికిందన్న మాట.

రోమా జనం పూర్వీకులు భారతదేశం వాయవ్య ప్రాంతాల మీదుగా వెళ్ళి, శతాబ్దాల ప్రయాణంలో యూరప్ చేరారు. 1512లో స్టాక్‌హోమ్‌కు వచ్చినట్టు నగర పత్రాల్లో ఉంది. 1637లో స్వీడన్ ప్రభుత్వం వాళ్ళను దేశం వదిలిపొమ్మంది. పోని మగవాళ్ళను ఉరితీయాలనీ, ఆడవాళ్ళనూ పిల్లలనూ తరిమేయాలనీ ఆ శాసనం. అయినా చాలామంది ఉండిపోయారు. స్థానిక సంచారజీవులతో, సైనికులతో వియ్యమందారు. ఇలా ఏర్పడిన సముదాయం తమను తాము ‘రేసాందె’, అంటే ప్రయాణికులు, అని చెప్పుకుంటుంది. ఊరివాళ్ళు వాళ్ళను పిలిచిన ‘తత్తరె’ అనే మాట తిట్టే.

వాళ్ళకు దొరికిన పనులేమిటి? గుర్రాలకు వట్టలు నొక్కడం, చచ్చిన గుర్రాల తోలు ఒలవడం, తలారికి సాయపడటం, పొగగొట్టాల మసి దులపడం. ఆ పనులు ఊరికి కావాలి. చేసినవాడితో కలిసి కూర్చుని భోంచేయడం మాత్రం పరువు తక్కువ. దీన్ని మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

వాళ్ళ భాష కాలక్రమాన స్వీడిష్ వాక్యంలో ఒదిగిపోయింది. విభక్తులు అరిగిపోయాయి, పదాలు నిలిచాయి. నీరు ‘పానీ’, కన్ను ‘యాక్’ అంటే మన ‘అక్షి’ చుట్టం, ముక్కు ‘నాక్’. పండితులు దీన్ని మొదట దొంగభాష అనుకున్నారు, కావాలని కల్పించిందనీ అన్నారు. 1730లో ఉప్సాల విశ్వవిద్యాలయంలో సామ్యూల్ బ్యోర్క్‌మన్ పేరుతో వెలువడిన ప్రబంధంలో రోమానీ పదాల పట్టిక ఉంది. 1782లో జర్మన్ పండితుడు రూడిగర్ దాని భారతీయ మూలాన్ని నిరూపించాడు. భాష గౌరవం పెరిగింది, మాట్లాడేవాళ్ళ గౌరవం పెరగలేదు. 1914 నుంచి 1954 వరకు రోమాలు స్వీడన్‌లో అడుగు పెట్టడం నిషేధం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వం ‘తత్తరె’లను లెక్కగట్టి జాబితా రాయించింది. 1948 జూన్‌లో యోన్‌షోపింగ్ పట్టణంలో గుంపులు కొన్ని రోజులపాటు వాళ్ళ ఇళ్ళ మీద పడ్డాయి. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు వీళ్ళ మీదా జరిగాయి. ఆ చట్టం 1975 దాకా రద్దు కాలేదు.

సరిగ్గా ఇదే కాలంలో వాళ్ళ మాటలు ఊరివాళ్ళ నోట్లోకి ఎక్కాయి. నేటి స్వీడిష్‌లో అమ్మాయిని ‘షేయ్’ అంటారు. అతి మామూలు మాట. 1984 నుంచి స్టాక్‌హోమ్‌లో జరిగే ఆడవాళ్ళ పరుగుపందెం పేరులోనూ అదే ఉంది. అది రోమానీ ‘ఛాయ్’, అంటే కూతురు, పిల్ల. కుక్కను చనువుగా ‘యుక్కె’ అంటారు, అది రోమానీ ‘జుకెల్’. సైన్యంలో గడువు తీరి ఇంటికి పోయే కుర్రవాడు ‘ముక్కా’ అంటాడు. విడిచిపెట్టడమనే అర్థం గల రోమానీ ధాతువది. సంస్కృతంలో ముక్త, ముక్తి మనకు తెలిసినవే. సంప్రదాయవాదులు ముక్తిని వైకుంఠానికే పరిమితం చేసినా, అది స్వీడన్ బారకాసుల్లో సిపాయి సెలవుగా తిరుగుతోంది.

ఈ రాకపోకలు జైళ్ళలో, బారకాసుల్లో, రేవుల్లో, సంతల్లో జరిగాయి. మోన్సింగ్‌లోనూ క్నోపర్‌మోయ్‌లోనూ రోమానీ పదాలు చాలా ఉన్నాయి. ఒకే దారిన నడిచి, ఒకే సత్రంలో పడుకున్నవాళ్ళ మధ్య మాటలు మారకుండా ఎలా ఉంటాయి? శిష్టభాష తన కింద ఉన్నవాళ్ళ నుంచి ఎంత తీసుకుంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకలేదు. తీసుకున్నది ఎవరిదో చెప్పే అలవాటు దానికి ఎప్పుడూ లేదు.

అన్నీ ఇంత బరువైనవి కావు. ‘కాఫ్ఫి’ని తిరగేసి ‘ఫీకా’ అన్నారు. ఇప్పుడు దేశమంతా కాఫీ వేళను ఆ పేరుతోనే పిలుస్తుంది. 18, 19 శతాబ్దాల్లో రాజులు కాఫీని నిషేధించినందువల్లే ఆ మాట పుట్టిందని ఒక కథ చెబుతారు. కథ బాగానే ఉంది గాని, నిషేధాలన్నీ పోయిన చాలా ఏళ్ళకు గాని ఆ పదం రాతలో కనిపించదు. పిల్లల ‘రోవర్‌స్ప్రోక్’, అంటే బందిపోటు భాష, మన పిల్లల ‘క’ భాష లాంటిదే. ప్రతి హల్లునూ రెండుసార్లు పలికి మధ్యన ‘ఒ’ చేరుస్తారు. అస్త్రిద్ లింద్‌గ్రెన్ కల్లె బ్లూమ్‌క్విస్ట్ నవలల వల్ల దానికి ప్రచారం వచ్చింది. పెద్దవాళ్ళ ముందు చిన్నవాళ్ళకు కూడా ఒక చాటు కావాలి.

2000లో స్వీడన్ రోమాలను జాతీయ అల్పసంఖ్యాక వర్గంగా, రోమానీని అల్పసంఖ్యాక భాషగా గుర్తించింది. రేసాందెల భాష కూడా అందులో చేరింది. 2014లో ప్రభుత్వం గతంలోని అన్యాయాలపై శ్వేతపత్రం వెలువరించింది. దానికి ముందు ఏడాదే, స్కోనె పోలీసులు రోమాల పేర్లతో వేలమంది జాబితా నడుపుతున్నారని పత్రికలు బయటపెట్టాయి. అందులో పసిపిల్లల పేర్లూ ఉన్నాయి.

గుర్తింపు పొందిన భాషకు నిఘంటువు కావాలి, వాచకం కావాలి, ఉపాధ్యాయుడు కావాలి. అయితే రేసాందెలలో కొందరు పెద్దలు తమ మాటలను బయటివాళ్ళకు చెప్పడానికి ఇష్టపడలేదు. భాష బతకాలంటే బడిలో చెప్పాలని పిల్లల తరం అంటుంది. భాషోపాధ్యాయుడిగా నేను వాచకం వైపే మొగ్గుతాను. కాని పదాల పట్టిక, పేర్ల పట్టిక రెండూ ఒకే దొరతనం అడిగినప్పుడు, మొదటిది ఇవ్వడానికి వెనుకాడిన ముసలివాళ్ళను మూర్ఖులనడానికి నాకు నోరు రాదు.