పిల్లుల పటం

మీ వీధిలో పిల్లులెన్ని ఉన్నాయో చెప్పగలరా? పొద్దున ప్రహరీగోడ మీద కనిపించిన నల్లపిల్లీ, రాత్రి పెంకుల మీద దూకిన నల్లపిల్లీ ఒకటేనా, రెండా? చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఈ చిక్కు పెద్దవాళ్ళ తగాదాలో భాగమైంది. వీధిపిల్లులు పక్షులను బతకనివ్వడం లేదని కొందరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలితే చాలునని మరికొందరు. అసలు పిల్లులెన్నో, ఎక్కడున్నాయో తెలియనిదే ఏ మాటా తేలదు గదా! 2018లో రెండు వైపులవారూ కలిసి లెక్కకు దిగారు.

పెరళ్ళలో, పార్కులలో, చెట్ల గుంపులలో కెమెరాలు అమర్చారు. వీటి దగ్గర మనిషి కాపలా ఉండనక్కరలేదు. జంతువు ఒంటి వేడి పరారుణ కిరణాల రూపంలో వెలువడుతూ ఉంటుంది. ఆ వేడి తన ముందు కదిలితే చాలు, కెమెరా దానంతటదే ఫోటో తీస్తుంది, కటికచీకటిలో సైతం.

ఫోటోలలో పిల్లిని పోల్చుకోవడానికి మచ్చలు, తోక చారలు ఆధారం. ఇక లెక్క చూడండి. మొదటి వారం 20 వేర్వేరు పిల్లులు కనిపించాయనుకుందాం. రెండో వారం కూడా 20 కనిపించాయి. వాటిలో 10 పాతవే. అంటే, కనబడ్డవాటిలో సగం మనకు తెలిసినవి. కాబట్టి మనకు తెలిసిన ఆ 20 మొత్తంలో సుమారు సగం, మొత్తం 40! ఈ మధ్యలో పిల్లులు వలసపోకూడదు, కెమెరాకు అన్నీ ఒకే తీరున చిక్కాలి. శాస్త్రజ్ఞుల లెక్క ఇంతకంటె జటిలం. ఏ పిల్లి ఏయే కెమెరాల ముందు కనిపించిందో చూసి, అది తిరిగే మేర కూడా అంచనా కడతారు.

ఇంట్లోంచి కదలని పిల్లుల కోసం ఇంటివాళ్ళనే అడిగారు. 2021లో తేలిన మొత్తం సుమారు 2 లక్షలు. అందులో దాదాపు సగం గడప దాటనివే!

ఆ ఏడాదే బ్రిటన్ పట్టణాలలో యజమాని లేని పిల్లుల పటం వెలువడింది. అక్కడ చదరపు కిలోమీటరుకు కొన్నిచోట్ల 2 కూడా లేవు, కొన్నిచోట్ల 57. జనం కిక్కిరిసిన పేటలలో, పేదల పేటలలో ఎక్కువ. ఈ లెక్కకు ఆ పేటలవాళ్ళు చెప్పిన సమాచారమే ముఖ్యాధారం. అయితే మూడిళ్ళలో పాలు తాగే పిల్లి ఎవరిదని రాసుకోవాలి?