నవ్వు తెచ్చిపెట్టుకున్నదైనా.. మేలు నిజమే!

‘నవ్వు నాలుగు విధాల చేటు’ అన్నది పాత సామెత. తెల్లవారుతూనే పార్కులో గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి ‘హో.. హో.. హా.. హా.. హా’ అంటూ పగలబడి నవ్వేవారిని చూస్తే బాటసారులకు ఆ సామెతే గుర్తుకొస్తుంది. అక్కడ జోకు చెప్పినవారు లేరు. నవ్వు పుట్టించే సంఘటనా జరగలేదు. మరి ఆ నవ్వెందుకు? లోపల ఆనందం లేకుండా పైకి తెచ్చిపెట్టుకున్న నవ్వు ఒంటికి మేలు చేస్తుందా? నవ్వుల యోగా పేరు వినగానే ఎవరికైనా కలిగే సందేహమిదే.

ఐదుగురితో ఆరంభం

నవ్వుల యోగాకు పుట్టినిల్లు ముంబయి. డాక్టర్ మదన్ కటారియా అనే వైద్యుడు 1995 మార్చి 13న లోఖండ్‌వాలా ప్రాంతంలోని ఒక పార్కులో ఐదుగురితో తొలి నవ్వుల క్లబ్‌ను ప్రారంభించారు. మొదట్లో సభ్యులు వంతులవారీగా జోకులు చెప్పుకొని నవ్వుకునేవారు. కొద్దిరోజులకే జోకుల మూట ఖాళీ అయింది. ఇతరులను నొప్పించేవి, నలుగురిలో చెప్పుకోలేనివి మిగిలాయి. క్లబ్ మూతపడే పరిస్థితి ఏర్పడింది.

అప్పుడే కటారియాకు ఒక ఆలోచన తట్టింది. జోకుతో పనిలేకుండా నవ్వునే వ్యాయామంగా చేస్తే ఎలా ఉంటుంది? ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నవ్వడం మొదలుపెడితే, నటనగా ఆరంభమైన నవ్వు కాసేపటికి అసలు నవ్వుగా మారుతున్నట్లు గమనించారు. యోగా శిక్షకురాలైన ఆయన సతీమణి మాధురి తోడ్పాటుతో దీనికి ప్రాణాయామ పద్ధతులు జతయ్యాయి. అలా నవ్వుల యోగా రూపుదిద్దుకొని దేశ విదేశాలకు విస్తరించింది. ఏటా మే నెల మొదటి ఆదివారాన్ని ప్రపంచ నవ్వుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

శరీరంలో ఏం జరుగుతుంది?

గట్టిగా నవ్వినప్పుడు గాలి విడతలు విడతలుగా బయటకు పోతుంది. పొట్ట కండరాలు, ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం బలంగా కదులుతాయి. మామూలు శ్వాసలో లోపలే నిలిచిపోయే గాలిలో కొంత వెలుపలికి వస్తుంది. ఆ వెంటనే తీసుకునే శ్వాస సహజంగానే దీర్ఘంగా ఉంటుంది. నవ్వుతున్నంతసేపూ గుండె వేగం కాస్త పెరుగుతుంది. నవ్వు ఆగాక కండరాలు సడలి, ఒళ్లు తేలికపడినట్లు అనిపిస్తుంది.

నొప్పిని ఓర్చుకునే శక్తి కూడా పెరుగుతుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబిన్ డన్‌బార్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం ఇదే తేల్చింది. హాస్య దృశ్యాలు చూసి నవ్వినవారు ఆ తర్వాత ఎక్కువ నొప్పిని తట్టుకోగలిగారు. శరీరంలో సహజంగా విడుదలయ్యే ఎండార్ఫిన్లే ఇందుకు కారణమని ఆ బృందం అభిప్రాయపడింది.

పరిశోధనలు చెబుతున్నది

అసలు ప్రశ్నకు కొంత సమాధానం 2019లో వెలువడిన ఒక సమీక్షలో దొరుకుతుంది. నవ్వుతో చేసే చికిత్సలపై జరిగిన అనేక అధ్యయనాలను వాండర్‌వాల్, కోక్ అనే పరిశోధకులు క్రోడీకరించారు. హాస్యం వల్ల పుట్టే నవ్వు కన్నా, కావాలని చేసే నవ్వే ఎక్కువ ఫలితమిచ్చినట్లు వారు గుర్తించారు. అయితే వాటిలో చాలా అధ్యయనాలు నాణ్యతలో బలహీనమైనవని కూడా వారే హెచ్చరించారు.

ఇరాన్‌లో కుంగుబాటుతో బాధపడే వృద్ధ మహిళలపై జరిపిన పరిశోధన 2011లో ప్రచురితమైంది. కొందరితో నవ్వుల యోగా, మరికొందరితో సామూహిక వ్యాయామం చేయించారు. ఏమీ చేయనివారితో పోలిస్తే ఈ రెండు బృందాల్లోనూ కుంగుబాటు తగ్గింది. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే నవ్వుల యోగా మహిమ కాదు, మంచి వ్యాయామంతో సమానమైన సాధన. మోకాళ్ల నొప్పులతో వేగంగా నడవలేని పెద్దలకు ఇది చిన్న విషయం కాదు.

ఇలా చేస్తారు

ముందుగా లయబద్ధంగా చప్పట్లు కొడుతూ ‘హో హో.. హా హా హా’ అంటారు. అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనేలా చప్పట్లు కొట్టాలి. తర్వాత చేతులు పైకెత్తుతూ దీర్ఘశ్వాస తీసుకొని నెమ్మదిగా వదలాలి. ఆపై నవ్వుల వంతు. ఎదుటివారికి నమస్కరిస్తూ నవ్వడం, నాలుక బయటపెట్టి సింహంలా నవ్వడం, చెవి దగ్గర ఫోను పెట్టుకున్నట్లు నటిస్తూ నవ్వడం, శబ్దం రాకుండా నవ్వడం.. ఇలా ఎన్నో రకాలు. ఒక్కోటి అర నిమిషం నుంచి ముప్పావు నిమిషం వరకు చేసి, మధ్యలో మళ్లీ దీర్ఘశ్వాసలు తీసుకోవాలి. మొత్తం 20 నుంచి 30 నిమిషాలు చాలు. గొంతు చించుకోనక్కరలేదు. ఎదుటివారి కళ్లలోకి చూస్తూ నవ్వడమే ముఖ్యం.

వీరు జాగ్రత్త

గట్టి నవ్వు పొట్టలో ఒత్తిడిని పెంచుతుంది. అందువల్ల హెర్నియా, ముదిరిన మొలల వ్యాధి ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స చేయించుకున్నవారు, గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి. అదుపులో లేని రక్తపోటు, గుండెజబ్బు, మూర్ఛ, గ్లకోమా ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా చేయరాదు. దగ్గు, జలుబు ఉన్నప్పుడు తోటివారి క్షేమం కోసం ఇంటివద్దే ఉండటం మేలు. సాధన మధ్యలో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి కలిగితే వెంటనే ఆపివేయాలి.

అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. నాలుగు రోజులు నవ్వగానే ఒంట్లో హుషారు వచ్చిందని బీపీ, షుగర్ మాత్రలు మానేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. నవ్వు మందుకు తోడే కానీ, మందుకు బదులు కాదు.

నలుగురితోనే నవ్వు

ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు మనిషి సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ పరిశీలనలో తేలింది. నవ్వుల క్లబ్ అసలు బలం ఇక్కడే ఉంది. పిల్లలు ఉద్యోగాల కోసం దూరాలకు వెళ్లిపోగా, రోజంతా మాట్లాడే తోడు లేక గడిపే పెద్దలు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఉదయాన్నే పార్కుకు వెళితే పేరుపెట్టి పలకరించేవారు, ఒక్కరోజు రాకపోతే ‘నిన్న కనిపించలేదేం?’ అని అడిగేవారు దొరుకుతారు. మొదటి రోజు చేసిన నవ్వు నటనే కావచ్చు. ఆ పలకరింపు మాత్రం నటన కాదు.